ఎర్రావుకు పెట్టిన వాతలు

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు సాకిన ఎర్రావు కూడా ఈరోజు పోయింది.

నిన్నటినుంచి అది మేత ముట్టలేదు. ధర్మవరం నుంచి పశువుల డాక్టరును రమ్మన్నాను. ఆయన రాకముందే చిన్నాయన నీ వాతల కడ్డీని పొయ్యిలో పెట్టాడు.

"డాక్టరు వస్తాండాడు, ఆగు చిన్నాయనా!"

"మా అన్న వాతలు పెట్టి ఎన్ని గొడ్లను లేపలేదు? సూదులెందుకమ్మీ?"

కాళ్లు కట్టేసి, ఎర్రగా కాలిన కడ్డీతో డొక్కలో వాతలు పెట్టాడు. ఆవు అరిచి అరిచి చచ్చిపోయింది.

డాక్టరు వచ్చి చూశాడు. "జ్వరమే అయ్యుంటాదమ్మా, సూదితో తగ్గేది" అన్నాడు.

అవ్వ ఆవు మీద పడి ఏడ్చింది. "నా కొడుకు ఉండింటే ఇది బతికేది!"

అవ్వను పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. నువ్వుంటే ఇంకా లోతుగా కాల్చేవాడివని చెప్పలేదు.