దవడ లాక్కోకుండా ఫొటో

12-11-2024, విశాఖపట్నం. పొద్దుటి నుంచి ముసురు. మన ఇందు బట్టలు నేనే ఉతికి గదిలో ఆరేశాను.

నీలవేణికి, ఇద్దరం కులాసా. ఆపరేషన్‌లో దవడ ఎముక జరిపితే బుగ్గలు, పెదవులు ఎలా మారతాయో చూడడానికి ఈరోజు కంప్యూటర్‌తో అమ్మాయి ముఖం అన్ని వైపులా ఫొటో తీశారు. ఫొటో అనగానే, మీ అమ్మ నేర్పినట్టు, ముందుకు పొడుచుకొచ్చిన కింది దవడను లోపలికి లాక్కుంది.

"అలా లాక్కుంటే కొలత తప్పుతుందమ్మా. ఎముక తప్పుగా జరుపుతాం," అన్నారు డాక్టరమ్మ.

"అమ్మమ్మ సూత్తే తిడతాది," అని నవ్వి వదిలేసింది ఇందు. "ఇదే నా మొకం. తీసుకోండి."

కొలత కుదిరింది.

కొబ్బరి దింపు అయిందా? కాయలు తడవనీయకు. మీ అమ్మకు నా మాటగా చెప్పు: మీ తమ్ముడు రాజేష్ పెళ్లి ఫొటోలో ఇందు వెనక కాదు, ముందు వరసలోనే నిలబడుతుంది, అప్పటికి ఆపరేషన్ అయినా, కాకపోయినా. ఆమెకు నమస్కారాలు.

మన్మథరావు