రెండు కొత్తవలసలు

సన్నిబాబన్నయ్యా,

గూడెంలో మళ్ళీ కాఫీ పండు కోతలు మొదలయ్యాయి. కిందటేడు ఈ కోతల్లోనే నువ్వు పోయావు. మన రైతుల సంఘం డేటా అంతా ఇంకా నువ్వు పెట్టిన పద్ధతిలోనే నడుస్తోంది. మార్పు ఎవరు రాసినా ఇంకొకరు చదివి సరే అనాలి. ఆపైన తప్పులు పట్టడానికి కంప్యూటర్లో నువ్వు రాసి పెట్టిన పరీక్షలన్నీ దాటితేనే అది దానంతటదే లైవ్‌లోకి, అందరూ వాడే పట్టికల్లోకి, వెళ్తుంది.

కొత్తగా చేరిన తులసిది బెజవాడ. ఊళ్ళ పట్టికలో కొత్తవలస రెండుసార్లు కనబడితే, పొరపాటున పడిందనుకుని రెంటినీ ఒకటి చేసేసింది. సంత రోజు హడావిడిలో నేనూ సరిగా చదవకుండానే సరే అనేశాను. అదే వెళ్ళిపోయి ఉంటే, రేపు ఆ పట్టిక చూసి బయల్దేరే లారీ ఒక కొండకే పోయేది. రెండో కొండ మీద కోసిన పండు బస్తాల్లోనే పులిసిపోయేది.

నీ పరీక్ష దాన్ని ఆపేసింది. తెర మీద ఎర్రటి అక్షరాల్లో నీ మాటే: "ఏటి గుంటా, అవి ఏరేరు కొండలు. కలిపీకు."

తులసి బిత్తరపోయి, "నన్నెవరు మేడమ్ తిడుతున్నారు?" అంది. నీ గురించీ, మన వైపు గుంటంటే పిల్ల, గుంటడంటే పిల్లాడు, ఏరేరంటే వేర్వేరు అనీ చెప్పాను. చాలాసేపు నవ్వుకున్నాం. ఆ మాటని మర్యాదగా మారుస్తానంటుందేమో అని లోపల భయపడ్డాను.

సాయంత్రం తను ఇంకో మార్పు పంపింది. పేర్లు కలిసే మిగతా ఊళ్ళన్నిటికీ అలాంటి పరీక్షలే రాసింది. ఆపినప్పుడు కనబడే మాట కూడా తనే పెట్టింది: "ఏటి గుంటడా, ఇవీ ఏరేరు కొండలే."

తర్వాత చేరబోయేవాడెవడో గానీ, వాడికీ నీ తిట్లు తప్పవు.

ఈసారి రెండుసార్లు చదివి సరే అన్నాను.