డెబ్బై కిలోలు

మిర్యాలగూడ,
మార్చి 4

ప్రియమైన అక్కకు,

డయాలసిస్ మంచం మీద పడుకొని రాస్తున్నాను. ఎడమ చేతికి సూదులున్నాయి, కాగితం పట్టుకునే దిక్కు లేదు. అక్షరాలు వంకర పోతే తిట్టకు. ఫోన్ చేయొద్దని చెప్పించింది కోపంతో కాదు. జబ్బు వల్లనో మందుల వల్లనో చెవులు బాగా మందగించాయి. నువ్వు ఫోన్లో అరుస్తుంటే హోరు తప్ప మాట తెలియడం లేదు. నీ మరదలు సుమలతను మధ్యలో పెడితే నువ్వు పది మాటలంటే నాకు రెండే చెబుతుంది, తిట్లన్నీ తనే మింగేస్తుంది. ఫోన్లో తెలుగు కొట్టడం నీకూ రాదు, నాకూ రాదు. అందుకే ఉత్తరాలు.

మొన్న హైదరాబాద్‌లో డాక్టర్ చెప్పింది నువ్వూ విన్నావు. రక్తం గ్రూపు కలిసింది, నీ కిడ్నీలు రెండూ బాగున్నాయి, బరువు ఒక్కటే అడ్డం. ఎనభై ఎనిమిది నుంచి డెబ్బైకి వస్తేనే ఆపరేషన్ అన్నాడు. నువ్వు అక్కడికక్కడే "ఆర్నెల్లల్ల దిగుత సారూ" అని మాటిచ్చేశావు. అక్కా, నీకు నలభై తొమ్మిదేళ్లు. మూడు మెట్లెక్కితే మోకాలు పట్టుకొని నిలబడతావు. సుమలత గ్రూపు కలవలేదు, ఇచ్చేవాళ్లు ఇంకెవరూ లేరు, అది నిజమే. అయినా వద్దు. వారానికి మూడుసార్లు ఈ మిషన్ ఉంది కదా, నెట్టుకొస్తాను.

బావకు నమస్కారాలు.

నీ తమ్ముడు
పెద్దులు


కోదాడ,
ఏప్రిల్ 10

నా బంగారు తమ్ముడికి,

వద్దంటున్నావా? నిన్నెవరు అడిగారు? అమ్మ పోయిన నాటికి నీకు ఆరేళ్లు, నాకు పదకొండు. అప్పుడు నేను అన్నం కలిపి నోట్లో పెడితే వద్దన్నావా? ఇప్పుడూ అట్లాగే నోరు తెరిచి తీసుకో.

మీ బావ చెల్లెలి కోడలు లత తెలుసు కదా, సూర్యాపేటలో నర్సు. తన దగ్గరికి పోయి తిండి కాగితం రాయించుకున్నాను. అన్నం కొట్టేసింది. ఇడ్లీ, దోశ, రొట్టె, చక్కెర, ఆలుగడ్డ, అరటిపండు, అన్నీ కొట్టేసింది. "మరి ఏం తిని సావాలె బిడ్డా?" అంటే గుడ్లు, కోడికూర, చేపలు, పెరుగు, ఆకుకూరలు, గుప్పెడు పల్లీలు అని రాసిచ్చింది. మొదటి వారం తల తిరిగి గోడ పట్టుకొని నడిచాను. మీ బావకు నవ్వులాట. "పొద్దుగాల నాలుగు గుడ్లు మింగుతున్నవ్, ఇగ రేపటి సంది కూస్తవేమో సూడు" అంటాడు.

ఆయనకు వండక తప్పదు కదా. గంజి వార్చేటప్పుడు ఆ వాసన మొహానికి కొడితే, సిగ్గు విడిచి చెబుతున్నా, వంటింట్లో కూర్చొని ఏడ్చాను. రైసు మిల్లులో పనిచేసే తమ్ముడున్న ఆడది అన్నం మానేసిందని మా వీధంతా నవ్వుతోంది. నవ్వనీ. ఎనభై మూడుకు వచ్చాను. రోజూ పొద్దున, సాయంత్రం నడక. ఇంక అయిదు నెలలు ఓపిక పట్టు నాయనా.

నీ అక్క
బాలనర్సమ్మ


మిర్యాలగూడ,
జూన్ 2

ప్రియమైన అక్కకు,

బావ పంపిన ఫోటో రోజా చూపించింది. నా బిడ్డ నిన్ను గుర్తుపట్టలేదు, "ఎవరు నాయినా ఈమె?" అని అడిగింది. డెబ్బై ఎనిమిదంట కదా. సంతోషించాలో భయపడాలో తెలియడం లేదు.

రోజుకు ఐదు కిలోమీటర్లు నడుస్తున్నావని బావ చెప్పాడట. మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? నిజం రాయి. ఉప్పు కూడా తగ్గించు. నాకు కిడ్నీలు పోయింది బీపీతోనే కదా, మన రక్తంలో ఉంటుందేమో, జాగ్రత్త.

మిషన్ లేని రోజుల్లో మిల్లుకు పోతున్నాను. బస్తాలు మోసిన మనిషిని ఇప్పుడు గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు, వచ్చే లారీల నంబర్లు రాయాలి. సేటు మంచివాడు. ఎండ మాత్రం చంపుతోంది. రోజుకు అర లీటరు నీళ్లే తాగాలి. నిన్న లారీ డ్రైవరొకడు సీసా ఎత్తి గటగటా తాగుతుంటే వాడి గొంతు వంకే చూస్తూ ఉండిపోయాను. వాడు నేను అడుగుతున్నాననుకొని సీసా ఇచ్చాడు. వద్దని చెప్పడానికి చాలా కష్టమైంది.

నీ తమ్ముడు
పెద్దులు


కోదాడ,
ఆగస్టు 17

నా చిట్టి తమ్ముడికి,

డెబ్బై మూడు! ఇంకా మూడు కిలోలే. ఈ మూడు మాత్రం మొండికేశాయి, నెల నుంచి కదలడం లేదు. లత నడక పెంచమంది, పెంచాను.

పోయిన వారం సూర్యాపేటలో పెళ్లికి పోయాం. బంతిలో కూర్చొని అన్నం వద్దని చెయ్యి అడ్డం పెట్టి, మాంసం, పెరుగు తిని లేచాను. పెళ్లిపిల్ల తల్లి మొహం మాడిపోయింది. తన ఇంటి అన్నం ముట్టలేదంటే ఎంత మాట! చేతులు కడిగే దగ్గర నా వెనకే అన్నది, "అరవై ఏండ్లకొస్తుంది, ఇగ ఇప్పుడు సోకులు సూడు" అని. కిడ్నీ సంగతి లతతో సహా అత్తగారి వైపు ఎవరికీ చెప్పలేదు కదా, చెబితే మీ బావను కుదురుగా ఉండనియ్యరు. అందుకని నవ్వి ఊరుకున్నాను. అరవై అన్నందుకు మాత్రం కోపమొచ్చింది.

నాకున్న ఎనిమిది జాకెట్లూ విప్పి మళ్లీ కుట్టాను. అద్దంలో చూసుకుంటే మెడ కింద తోలు వేలాడుతోంది, అమ్మ చివరి రోజుల్లో ఎట్లా ఉండేదో అట్లా ఉన్నాను. అయినా బాగుంది తమ్మీ. ఏదో ఒక పనికి పుట్టాననిపిస్తోంది. మోకాళ్ల గురించి ఊరికే అడగకు, వాటికి నా దగ్గర ఉపాయం ఉంది.

నీ అక్క
బాలనర్సమ్మ


మిర్యాలగూడ,
సెప్టెంబర్ 20

ప్రియమైన అక్కకు,

నా పక్క మంచం హరిలాల్ పోయాడు. హాలియా దగ్గర తండా నుంచి వచ్చేవాడు, నాకంటే మూడేళ్లు చిన్న. శనివారం ఇద్దరం మాట్లాడుకున్నాం. సోమవారం ఆ మంచం మీద వేరే ఆయన ఉన్నాడు. మిషన్లు నడుస్తున్నాయి.

నీకొక మాట చెప్పాలి. ఇన్నాళ్లు వద్దు వద్దని రాసింది పైపై మాట. నాకు బతకాలని ఉంది అక్కా. రోజా ఇంటర్ అయిపోవాలి. కడుపు నిండా నీళ్లు తాగాలి. నువ్వు ఇస్తానంటే తీసుకుంటాను.

వచ్చే నెల ఆరో తారీఖు నీకు పరీక్షలు. నాకు ఆరోజు డయాలసిస్ ఉంది, రాలేను. బావను తోడు తీసుకుపో.

నీ తమ్ముడు
పెద్దులు


కోదాడ,
అక్టోబర్ 14

పెద్దులూ,

ఈసారి ముద్దుపేర్లు రావడం లేదు.

అరవై తొమ్మిదిన్నర ఉన్నాను. కాటా మీద నిలబడితే నర్సు చప్పట్లు కొట్టింది. మూడు రోజుల తర్వాత రిపోర్టులు చూసి డాక్టర్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. నా కిడ్నీలు దెబ్బతిన్నాయి. మార్చిలో బాగున్నవి ఇప్పుడు బాగాలేవు. ఇంకొకరికి ఇచ్చే మాట మర్చిపొమ్మన్నాడు, నావి నాకు మిగిలితే చాలన్నాడు.

"అన్నం మానినందుకా సారూ?" అని అడిగాను. కాదన్నాడు. ఏం మందులు వాడుతున్నావని అడిగాడు. ఏమీ వాడటం లేదన్నాను. మార్చిలో అడిగినప్పుడూ అదే చెప్పాను. అబద్ధం కాదురా. బీపీకి మింగితే మందు, షుగర్‌కు మింగితే మందు. నొప్పి గోళీని మందని నేనెప్పుడు అనుకున్నాను? మన ఇళ్లల్లో ఎవరనుకుంటారు? అప్పుడంటే ఎప్పుడో ఒకటి. ఏప్రిల్ నుంచి నడకకు ముందు ఒకటి, నడిచొచ్చాక ఒకటి. అవి లేకపోతే ఈ మోకాళ్లతో వీధి చివరికి కూడా పోలేను. ఆయన తిప్పి తిప్పి అడిగితే సంచిలో నుంచి గోళీల అట్ట తీసి చూపించాను.

ఆ అట్ట నీకు తెలుసు. బస్తాలు మోసి నీ నడుము పడిపోతే తొమ్మిదేళ్లు నేను ఇక్కడి మందుల షాపులో కొని పంపిన ఎర్ర గోళీలే.

ఆయన నీ ఫైలు తెప్పించాడు. "మీ తమ్మునికి మూడేండ్ల కిందనే చెప్పినమమ్మా, ఈ గోళీలతోనే కిడ్నీలు పోయినయని. ఆయన మీకు చెప్పలేదా?" అన్నాడు. మీ బావ నా మొహం చూస్తున్నాడు.

నాకు బీపీ అని చెప్పావు. ఉప్పు తగ్గించమని రాశావు. నీ కిడ్నీలు తిన్నది నేనే. అది నేను చచ్చేదాకా మింగుతాను, నువ్వు ఓదార్చకు. కానీ ఆనాడే చెప్పి ఉంటే ఏమయ్యేది? నెల రోజులు ఏడ్చేదాన్ని. గోడకు తల కొట్టుకునేదాన్ని. ఆ తర్వాత ఒక్క గోళీ ముట్టేదాన్ని కాదు. కుంటుతూనే నడిచేదాన్ని, ఆర్నెల్లది ఏడాది పట్టేది. కిడ్నీ మాత్రం నీకు ఉండేది. ఎందుకు చెప్పలేదురా?

బాలనర్సమ్మ


మిర్యాలగూడ,
అక్టోబర్ 19

అక్కా,

నీ ఉత్తరం చదివి సుమలత చేతికిచ్చాను. చదివింది. లోపలికి పోయి తలుపు వేసుకుంది. తనకు కూడా బీపీ అనే చెప్పాను.

అవును, తెలుసు. డాక్టర్ చెప్పిన రోజు హైదరాబాద్ నుంచి ఇక్కడి దాకా బస్సులో అదే ఆలోచన. తొమ్మిదేళ్లు ఇటు వచ్చే మనిషిని వెతికి పట్టుకొని, అట్ట మీద పెన్నుతో పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని రాసి పంపావు. చెబితే నువ్వు బతకవనుకున్నాను. బీపీ అంటే ఎవరి తప్పూ ఉండదు కదా. నేను చాలా మంచివాణ్ని అనుకున్నాను.

అంతవరకే అయితే నీ ముందు తలెత్తుకునేవాణ్ని. ఇంకొకటి ఉంది. ఆగస్టులో నువ్వు మోకాళ్లకు ఉపాయం ఉందని రాశావు. చదవగానే అనుమానం వచ్చింది. ఆ ఉత్తరం పట్టుకొని మిల్లు గేటు దగ్గర పొద్దంతా కూర్చున్నాను. గోళీలు మింగుతున్నావా అని ఒక్క మాట రాస్తే సరిపోయేది. రాస్తే ఎందుకడుగుతున్నావంటావు. మొత్తం బయటపడుతుంది. నువ్వు గోళీలు మానేస్తే నడక ఆగుతుంది, నడక ఆగితే డెబ్బైకి రావు. ఇంకా మూడు కిలోలే కదా, రెండు నెలల్లో ఏమైతదిలే అనుకున్నాను. నీ కోసం కాదక్కా, అప్పుడు మాత్రం నా కోసమే నోరు మూసుకున్నాను. క్షమించమని అడగను.

చనిపోయినవాళ్ల కిడ్నీ కోసం పేరు రాయించాం. నా ముందు చాలామంది ఉన్నారు. ఆ సంగతి వదిలెయ్.

నీ చేతికి ఎముక లేదు. ఎవరు నొప్పి అన్నా డబ్బా తెరిచి రెండు చేతిలో పెడతావు. మీ ఆడబిడ్డకు ఇచ్చావు, పక్కింటి రాజమ్మకు ఇచ్చావు, నాకు తెలియనివాళ్లు ఇంకెందరో. ఇవాళే ఇంటింటికీ పోయి చెప్పు. తిడతారు, తలుపేస్తారు, నీ మంచి పేరు పోతుంది. పోనీ. నేను పేరు కాపాడుకొని ఏం చేశానో చూశావు కదా.

పోయిన పండక్కి వచ్చినప్పుడు బావ నడుము పట్టుకొని లేస్తుంటే చూశాను. ఆయనకూ అవే ఇస్తున్నావా? ఉత్తరం రాయకు. ఈ కాగితం అందగానే సుమలతకు ఫోన్ చేసి చెప్పు.

నీ తమ్ముడు
పెద్దులు