ఏమే, అందిందా?

ఏప్రిల్ 4
తాటాకు దిగింది, దర్శి నుంచి ట్రాక్టర్ మీద. వాకిలి నిండా ఆకే. నాన్న ఒక్కో ఆకూ తొక్కి, పరిచి, పైన రాళ్లు పెట్టించాడు — అణిగితేనే కప్పుకు పనికొస్తుందట. మార్టూరు నుంచి అన్న ఫోన్. "ఈ రోజుల్లో తాటాకేందే, రేకులు వేయిద్దాం." ఆ మాట నాన్నకు చెప్పలేదు. ఊళ్లో సగం ఇళ్లకు కప్పు కట్టినవాడు రేకుల కింద పడుకుంటాడా?

ఏప్రిల్ 5
అమ్మ పోయి మూడు నెలలు. పొద్దున నాన్న అడిగాడు, "మీ అమ్మ యాడికి పోయింది?" చెప్పాను. ఏడ్చాడు. మధ్యాహ్నం మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ కొత్తగా ఏడ్చాడు. ఇంకోసారి చెప్పడం నా వల్ల కాదు.

ఏప్రిల్ 9
పని మొదలు. గంట కిందటి మాట గుర్తుండదు గానీ ఏ వాసం మీద కాలు పెట్టాలో గుర్తుంది నాన్నకి. డెబ్బై ఏళ్ల మనిషి నిచ్చెన ఎక్కుతుంటే నా ప్రాణం నా దగ్గర లేదు.

ఇద్దరి పని ఇది. నాన్న పైన ఆకు పరిచి, మూరెడు దబ్బనంతో తాడు లోపలికి దించుతాడు. "అందిందా?" అంటాడు. లోపలి మనిషి "అందింది" అని, తాడు వాసం చుట్టూ తిప్పి మళ్లీ పైకి అందించాలి. నలభై ఏళ్లు లోపలి మనిషి అమ్మే. నేనెప్పుడూ తొంగి చూడనైనా లేదు… మిషన్ ముందు కూర్చుని జాకెట్లు కుట్టుకున్నాను. ఇప్పుడు సిగ్గేస్తోంది.

చూరు దగ్గర ఒక్క వరస. మూడుసార్లు విప్పించాడు. "అమ్మాయ్, బట్టలు కుట్టినట్టు కాదే!"

ఏప్రిల్ 10
వేళ్లు చీరుకుపోయాయి. పక్క కల్లంలో మిరపకాయలు ఎత్తుతున్నారు. ఇల్లంతా ఘాటు. పైన ఆయన తుమ్ము, లోపల నా తుమ్ము.

ఏప్రిల్ 12
తప్పు దొరికింది! అమ్మది ఎడమచేతి వాటం. తాడు వాసానికి ఎడమ పక్క నుంచి తిప్పేది. నాన్న చేయి అటు లాగడానికే అలవాటు పడిపోయింది. నేనేమో కుడి నుంచి తిప్పుతున్నాను, ఆయన లాగినప్పుడల్లా ముడి జారుతోంది. ఇంకా విప్పని పాత కప్పు కింద అమ్మ ముడులు అలాగే ఉన్నాయి. ఒకటి విప్పి, కట్టి, విప్పి… అలా తెలిసింది.

ఏప్రిల్ 13
పొద్దంతా ఎడమచేత్తోనే. అన్నం కూడా ఎడమచేత్తో కలపబోయాను. నాన్న కసిరాడు.

ఏప్రిల్ 15
ముడి కుదిరింది. నాన్న లాగాడు, నిలిచింది. పైన ఇంకో ఆకు పరిచిన చప్పుడు. తర్వాత తాడు దిగింది — "ఏమే, అందిందా?"

ఏమే.

నన్నెప్పుడూ అలా పిలవలేదు. నేను అమ్మాయిని. ఏమే అంటే అమ్మ ఒక్కతే.

"అందింది" అన్నాను. నాది అమ్మ గొంతే అంటారు అందరూ.

ఏప్రిల్ 16
"ఏమే, మంచినీళ్లు తాగావా?" అమ్మను ఇలా అడగడం నేనెన్నడూ వినలేదు. పైన ఒకరు, లోపల ఒకరు ఉన్నప్పుడు అడిగేవాడేమో.

ఏప్రిల్ 17
కావాలనే ఒక ముడి కుడి నుంచి తిప్పాను. జారింది. "అమ్మాయ్! చూసి కట్టు." అంతే. తప్పు కడితే నేను, సరిగ్గా కడితే అమ్మ. తర్వాతిది సరిగ్గానే కట్టాను. కప్పు కారకూడదని కట్టానని రాయబోయాను. అబద్ధం. ఆయన ఆ పిలుపు మళ్లీ పిలవాలని కట్టాను.

ఏప్రిల్ 18
అన్నకు చెప్పాను. "మోసం కాదటే అది?" అని అరిచాడు. మళ్లీ తనే — "నాన్న నవ్వుతున్నాడా?" నవ్వుతున్నాడు అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

ఏప్రిల్ 20
నిచ్చెన దిగగానే అమ్మ కోసం చూస్తాడు. లోపల సర్దుతోంది అంటాను. గడప దాకా వెళ్లేలోపు మర్చిపోయి, "అమ్మాయ్, టీ పెట్టు" అంటాడు. పని అయిపోయాక ఏం చెప్పాలి?

ఏప్రిల్ 22
కప్పు నెత్తిన కొప్పు ఒక్కటే మిగిలింది.

ఈ పొద్దున పైనుంచి, తాడు దించకుండానే — "ఏమే, ఈ పని అమ్మాయికి కూడా నేర్పరాదూ? మన తర్వాత ఎవురుండారు?"

తాడు కోసం చాపిన చెయ్యి దించేశాను.

"వినపడలా?"

"నేర్పుతున్నా" అన్నాను.

"వస్తందా దానికి?"

"ఇప్పుడిప్పుడే వస్తోంది."

"కసురుకోమాక. అసలే ఒంటిది. ఎప్పుడు జూసినా ఆ మిషన్ కాడే కూర్చుంటది, పాపం."

తాడు దిగింది. పట్టుకున్నాను గానీ వాసానికి తిప్పలేదు. ఎండ ముదిరింది దిగమన్నాను. దిగి, తిని, పడుకున్నాడు. నేనిక్కడ గోడకు ఆనుకుని ఏడుస్తూ రాస్తున్నాను.

పడమట మబ్బు పట్టింది. రేపు కొప్పు కట్టక తప్పదు.