పాత కంప్యూటర్లకు సరిపోని ఫైళ్ళు

రేణిగుంట,
మంగళవారం.

నాయనకు స్టెల్లా నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? తడలో వానలు మొదలయ్యాయట. ఇక్కడ ఇంకా ఎండలే. హాస్టల్లో సాంబారు పలచగా ఉంటుంది. ఎన్నాళ్ళుంటానో తెలియక చిన్న సీసాలో తెచ్చుకున్న రొయ్యల పొడి అడుగంటింది.

పని ఖాయం కాకపోతే వచ్చేయమని రాశారు. ఆ సంగతే చెబుతాను.

ఫ్యాక్టరీలోని పాత కంప్యూటర్ల కోసం మేమే ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టం తయారుచేస్తున్నాం. మేము రాసినదాన్ని యంత్రం భాషలోకి మార్చేది కంపైలర్. ఏ ప్రాసెసర్ కోసం మార్చాలో దానికి సెట్టింగులో చెప్పాలి. మాది కొత్త ప్రాసెసర్‌కు పెట్టి ఉంది. అందుకే ఆఫీసులోని కొత్త కంప్యూటర్లో అంతా నడిచింది, పాతవాటిలో స్క్రీను నల్లగా ఉండిపోయింది. కొత్తదానికి తెలిసిన ఆజ్ఞలు పాతవాటికి తెలియవు.

నేను సెట్టింగు మార్చాను. అయినా నడవలేదు. సూపర్వైజర్ మునిరత్నం సార్ వచ్చి నిలబడ్డారు.

“ఏమ్మా, మార్సినానంటివే?”

“మార్చాను సార్.”

“మారిస్తే యాడ నడస్తా ఉండాది? సోమవారం ఓనరు వస్తాడు. నిన్ను పర్మనెంటు సేయమని ఏ మొగం పెట్టుకోని అడిగేది?”

తర్వాత కూర్చుని ఆలోచించాను. ఇక్కడ కరెంటు తరచూ పోతుందని అన్ని ఫైళ్ళూ మళ్ళీ కంపైల్ చేయం. ఆ రోజు దిద్దినవి మాత్రం చేసి, మిగతావి మునుపు కంపైల్ చేసినవే కలిపేస్తాం. అంటే నా సెట్టింగు నేను ముట్టుకున్న ఫైళ్ళకే అందింది. మిగిలినవన్నీ ఇంకా కొత్త ప్రాసెసర్ భాషలోనే ఉన్నాయి.

మునుపటివన్నీ చెరిపేసి మొదటినుంచి చేస్తానన్నాను.

“మద్దెలో కరెంటు పోతే?”

“ఆదివారం చేస్తాను సార్. చుట్టుపక్కల ఫ్యాక్టరీలు మూసి ఉంటాయి.”

“సర్చికి పోవా?” అని నవ్వారు. “సరేలే, మీ దేవునికి నేను సెప్పుకుంటా.”

ఆదివారం కరెంటు పోలేదు. సాయంత్రానికి పాత కంప్యూటర్ స్క్రీను మీద మా సిస్టం పేరు, దాని కింద మినుకుమినుకుమనే గీత కనిపించాయి. చాలాసేపు చూశాను.

సోమవారం ఓనరు చూసి, తలూపి వెళ్ళారు. కాసేపటికి మునిరత్నం సార్ వచ్చారు.

“ఇంగ మీ నాయనకు జాబు రాసుకో. బిడ్డ ఈడనే ఉంటాదని.”

చర్చికి వెళ్ళని సంగతి అమ్మకు మీరే మెల్లగా చెప్పండి. అవ్వకు నా దండాలు. మీ అందరి దీవెన నాకు కావాలి.

ట్రంకుపెట్టెలోని చీరలు తీసి అలమరలో సర్దాను. రొయ్యల పొడి ఈసారి పెద్ద డబ్బాలో పంపండి.

మీ కూతురు,
స్టెల్లా