గచ్చు నడుమ మందం

అమ్మా,

ఎమ్మిగనూరులో అందరం కులాసా. ఫోన్‌లో సగమే విని కంగారు పడ్డావట, అందుకే ఈ కార్డు. వడ్లు ఆరబోసుకోవడానికి దొడ్లో కాంక్రీటు గచ్చు పోయిస్తున్నాం. కాంట్రాక్టర్ తిరుమలేష్ చెప్పిన రేటు విని మీ అల్లుడుగారు చౌకేనన్నారు. నేను మాత్రం మందం ఎంతని అడిగాను.

"నాలుగంగుళాలు ఉండాదమ్మా, అంచు చెక్కలు కొలుసుకో" అన్నాడు.

చుట్టూ నిలబెట్టిన చెక్కల ఎత్తు నాలుగంగుళాలే. అయినా పొలం గట్టు వేసేటప్పుడు నాన్న లాగినట్టే, ఈ చెక్క నుంచి ఆ చెక్కకు తాడు బిగించాను. నడుమ మట్టి ఉబ్బెత్తుగా ఉంది. తాడుకీ మట్టికీ మధ్య రెండంగుళాలే!

"అంచు గట్టిగా ఉంటే సాలమ్మా, ఈడ అందరూ ఇట్లే ఏస్తాండారు."

"బస్తాలు దించేది నడుమ కదా! మట్టి తవ్వించు, లేదా సగం రేటు తీసుకో" అన్నాను.

"సర్లేమ్మా, తవ్విస్తా" అన్నాడు. తవ్వుతున్నారు. కాంక్రీటు పడేదాకా నేను తాడు విప్పను.

నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? వదిన పెట్టిన మాగాయ ఎవరైనా ఇటు వస్తే పంపు. అన్నయ్య కూడా వాకిట్లో గచ్చు వేయిస్తున్నాడటగా, రేటు బేరమాడే ముందు తాడు కట్టి చూడమను. పిల్లలకు దీవెనలు.

మోసపోని నీ కూతురు,
హిమజ