ముంపు తగలని ఇల్లు

ప్రొద్దుటూరులో గుడ్డల అంగడి నడిపి, ప్రస్తుతం ఆత్మకూరు అవతల నల్లమల అంచున, కృష్ణ మీది డ్యామ్ వెనకనీళ్ల ఒడ్డున, నీలవేణి గ్రామం అనే చోట కాపురమున్న కొత్తమాసు నాగసుబ్బయ్య అను నేను, కీర్తిశేషులు పెంచలయ్య గారి కుమారుడను, డెబ్బై నాలుగేండ్ల వయసులో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేతి రాతతో రాసుకున్న చివరి వీలునామా ఇది. నా తెలివీ జ్ఞాపకమూ సక్రమంగా ఉన్నాయని ఆత్మకూరు డాక్టరు గారు పరీక్షించి చెప్పినారు. ఆ మాట ఆయన నోట వినాలనే పనిగట్టుకొని పోయినా. నా మాదిరి మోసపోయినోడి తెలివి మీద జనానికి అనుమానం రావడం సహజమే.

ఇంతకు ముందు నేను ఒక వీలునామా రిజిస్టరు చేయించినా. అందులో సగం ఆస్తి నా చెల్లెలు లక్ష్మీదుర్గ కొడుకు అజయ్‌కి రాసినా. అది ఈ దినంతో రద్దు. దాని నకలు ఎవరి దగ్గర ఉన్నా చెల్లదు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా ఏకైక కుమార్తె, కడపలో టీచరుగా పనిచేస్తున్న శ్రీవాసవిది. ఆమెకు వాళ్లమ్మ చెన్నమ్మ నగలు, ఇంట్లోని ఇత్తడి సామాను, దేవుని పటాలు సర్వహక్కులతో చెందవలెను. ఈ ఊరు చూసేదానికి వచ్చిన మొదటి దినమే, ఈడ స్థలాలు అమ్మే అజయ్‌ని వాసవి నిలబెట్టి అడిగింది: "బావా, ఈడ ఆత్మకూరోళ్లు ఒక్కరూ కొనలేదేం?" వాడు నవ్వి, "ఈడోళ్లకు దుడ్లు యాడుండాయి వాసవీ" అన్నాడు. అందరమూ నవ్వినాము. వాసవి నవ్వలేదు.

2. పైన చెప్పిన నీలవేణి గ్రామంలో, గుట్ట మీది వరుసలో నేను కట్టుకున్న పెంకుటిల్లు, దాని చుట్టూ ఉన్న ఖాళీ స్థలం, బోరు, వేపచెట్లతో సహా, అంగన్‌వాడీ టీచరు శివలీలకు, ఆమె తల్లికి సమానంగా చెందవలెను. వాళ్లు ఉన్నా, అమ్ముకున్నా, బాడుగకు ఇచ్చినా ఎవరూ ఆక్షేపించరాదు. ఆ ఇల్లు వాళ్లకే ఎందుకు అనేది నా కూతురికి తెలుసు. ఊరికి తెలియదు కాబట్టి రాస్తున్నా.

అజయ్‌కి తండ్రి చిన్నప్పుడే పోయినాడు. నా అంగట్లో, నా కంచంలో పెరిగినాడు. చదివించినా, పెండ్లి చేసినా. వానలు లేని ఏండ్లలో ఒకరోజు కారేసుకొని వచ్చి నన్నూ చెన్నమ్మనూ ఈడికి తీసుకొచ్చినాడు. ఒక పక్క అడవి, ఇంకో పక్క యాడనో దూరంగా సన్నగా నీళ్లు. మధ్యలో మెత్తటి నల్లనేల, వరుసలుగా పాతిన రాళ్లు. "మామా, పట్నంలో దుమ్ము తిన్నది సాలు. ఈడ ఏటి గాలికి ఉండండి. నీకు మాత్రం పైన గుట్ట మీద మంచి జాగా తీసిపెట్టినా" అన్నాడు. పెద్దోడినని గౌరవించినాడనుకున్నా. అంగడి మూసి, ఇల్లు కట్టి, మేమిద్దరమూ వచ్చేసినాము.

మందారం నాటేదానికని చెన్నమ్మ ఒకసారి కింది వరుస నుంచి గంపెడు మట్టి తెచ్చుకొనింది. ఆ మట్టి నిండా నత్తగుల్లలు. "ఏమప్పా అజయ్, పొలంలో ఇన్ని నత్తగుల్లలేంది?" అని అడిగింది. "పాతకాలంలో ఈడ వంక ఉన్నిందంట అత్తా" అన్నాడు, రెప్ప కూడా కొట్టకుండా.

ప్రతి ఆదివారమూ వాడు కార్లల్లో జనాన్ని తెచ్చేవాడు. ప్రొద్దుటూరోళ్లు, కడపోళ్లు, ఆదోనోళ్లు. నేరుగా మా ఇంటికే. చెన్నమ్మ అందరికీ ఉగ్గాణి చేసి, వేడి వేడి మిరపకాయ బజ్జీలు వేసి పెట్టేది. నేను వరండాలో కూర్చొని ఈడ గాలి ఎట్లుంటాది, నిద్ర ఎట్ల పడతాది చెప్పేవాణ్ణి. ఒక్క మాట కూడా అబద్ధం కాదు. మేము నిజంగానే సుఖంగా ఉన్నాము. వాడికి కావాల్సింది కూడా అదే. కొన్నాళ్లకు మా ఇద్దరి ఫొటోతో ప్రొద్దుటూరు నడిబొడ్డున పెద్ద ఫ్లెక్సీ కట్టించినాడు. చెన్నమ్మ సిగ్గుపడింది, సంతోషపడింది కూడా.

శివలీల కింది వరుసలో ఇల్లు కట్టుకొని తల్లిని తెచ్చుకొనింది. ఆమెది కాక కింద లేచిన గోడలు తక్కువే. మిగతావాళ్లు రాళ్లు చూసుకొని, పిల్లల పేర రాయించుకొని పోయినారు.

తర్వాత మంచి వానల సంవత్సరం వచ్చింది. పైనుంచి కృష్ణ నిండుగా దిగింది. డ్యామ్ నిండే కొద్దీ దూరంగా ఉన్న నీళ్లు రోజూ కొంచెం దగ్గరికి జరిగినాయి. అందరమూ సంబరపడి చూసినాము. ఒక పొద్దున లేచేసరికి కింది వరుసల రాళ్లు కనపడలేదు. శివలీల వాకిట్లో నీళ్లు. నేను చెప్పులు వేసుకొని దిగబోతుంటే ఫోన్ మోగింది. అజయ్. "మామా, నువ్వు బయటికి రావాకు. నీ ఇంటికి రావు నీళ్లు. నీ గుమ్మం కిందనే నిలబడతాయి" అన్నాడు.

వాడు ఉన్నది కర్నూలులో. నీళ్లు యాడ నిలబడతాయో వాడికి ముందే తెలుసు.

శివలీల తల్లిని, బియ్యం మూటలను, కుట్టుమిషనును మా ఇంట్లోకి చేర్చినాము. ఆ పిల్ల తడిసిన చీరతో నట్టింట్లో నిలబడి, పొడిగా ఉన్న నేలను చూసింది. "మీ ఇంట్లోకి రాలేదే పెద్దాయనా" అనింది. అంతే అనింది. అదే మాట ఊర్లన్నీ అన్నాయి.

కొన్నోళ్ల కాగితాల్లో రాసిన భూమి పైనున్న రాళ్లగుట్టదంట. రాళ్లు పాతి చూపించింది డ్యామ్ ముంపులోని సర్కారు భూమి. నా ఇల్లు ఒక్కటే కాగితానికీ నేలకూ సరిపోయింది. ఎరగా పెట్టినదాన్ని మునగనీయడు గదా ఎవడైనా.

3. ప్రొద్దుటూరులోని నా అంగడి కట్టడాన్ని శ్రీవాసవి అమ్మి, వచ్చినదంతా నీలవేణిలో స్థలాలు కొని పోగొట్టుకున్న వాళ్లకు పంచవలెను. దీన్ని నేను నేరం ఒప్పుకున్నట్టుగా కోర్టులో ఎవరూ వాదించరాదు. నేను నేరం చేయలేదు. వాళ్లు మా ఇంటి ఉగ్గాణి తిని, మా మొగాలు చూసి కొన్నారు. అందుకని ఇస్తున్నా. వాసవిని అడిగితే, "అంగడి నాకొద్దు నాన్నా, నిన్ను నమ్మినోళ్లకే పోనీ" అనింది. ఆ మాట విన్న దినం నేను కడుపునిండా తిన్నా.

4. మేనల్లుడు అజయ్‌కి నా ఆస్తిలో ఒక పుల్ల కూడా చెందదు. మా ఫొటో ఉన్న ఆ ఫ్లెక్సీని నేనే విప్పించి తెచ్చి, మడిచి అటక మీద పెట్టినా. అది మాత్రం వాడికి ఇయ్యండి.

స్థలాలు కొన్నోళ్లు కేసు పెట్టినప్పుడు అజయ్ పేరు కింద నా పేరు రాసినారు. దానికి నేను బాధపడలేదు. నా పేరు అజయ్ తీసేయిస్తాడనుకున్నా. "ఆ స్థలం చూసి, బాగుందని నన్ను దించింది మా మామే" అని వాడు పోలీసులకు చెప్పినాడు.

ఆ వారంలోనే నా చెల్లెలు వచ్చింది. వరండాలో కూర్చొని కొంగుతో కండ్లొత్తుకుంటా, "అన్నా, వాడు బతకాల్సినోడు. నువ్వు పెద్దోడివి, నీకింక జరిగేదేముండాది? నేనే చేసినా అని ఒక్క మాట చెప్పు" అనింది. లోపల చెన్నమ్మ పొయ్యి దగ్గర నుంచి అంతా వినింది. కాఫీ తెచ్చి లక్ష్మీదుర్గ చేతికిచ్చి, "తాగి పో వదినా, బస్సుకు టైమైతాంది" అనింది. అంతకంటే గట్టిగా మాట్లాడడం ఆమెకు రాదు.

ఆ తర్వాత చెన్నమ్మ ఉగ్గాణి చేయలేదు. ప్రొద్దుటూరికి పోదాం, డాక్టరుకు చూపిద్దాం అంటే, "ఆడ ఆ మొగాలు నేను చూడలేను" అని ఈడనే ఉండిపోయి, ఈడనే పోయింది. దాన్ని అజయ్ మీద రాసేదానికి ఏ సెక్షనూ లేదంట. లాయరును అడిగినా.

5. చెన్నమ్మ బీరువాలో మడత విప్పని ఆకుపచ్చ నేతచీర, ఎర్ర అంచుది, శివలీలకు ఇయ్యవలెను. నీళ్లొచ్చిన దినం కట్టుకొమ్మని ఇస్తే ఆ పిల్ల తీసుకోలేదు. ఇప్పుడు కోపం తగ్గింది కాబట్టి తీసుకుంటుందని అనుకుంటున్నా.

6. నా అంగట్లో పనిచేసిన కంబన్నకు గుడ్డ కొలిచే ఇనుప గజంబద్ద, నా స్కూటరు. కేసయినాక ప్రొద్దుటూరు నుంచి ఫోన్ చేసి, "ఏం తిన్నావన్నా" అని అడిగినోడు వాడొక్కడే.

7. నాకు మగపిల్లలు లేరు. తలకొరివి శ్రీవాసవి పెట్టవలెను. అజయ్ వచ్చి చేయి పెడతానంటే ఒప్పుకోవద్దు. లక్ష్మీదుర్గ వస్తే మాత్రం కూర్చోబెట్టి అన్నం పెట్టండి. అస్థికలు ఈ నీళ్లల్లో కలపవద్దు. పెన్నలో కలపండి. పెన్నలో నీళ్లు లేకపోతే ఇసక తవ్వి పెట్టండి.

8. కడపటిది. మద్దయ్య ప్రొద్దుటూరు నేతగాడు, నా స్నేహితుడు. వాడు నేసిన చీరలు అమ్మి నేను అంగడి నిలబెట్టుకున్నా. ఒక ఆదివారం వచ్చి వరండాలో కూర్చొని, "నువ్వుండే చోట నేనూ ఉంటానప్పా" అని, మగ్గం ఉన్న ఇల్లు అమ్మి, కింది వరుసలో స్థలం కొన్నాడు. ఇప్పుడు ఈ వయసులో ఇంకొకరి మగ్గం మీద కూలికి నేస్తాండాడు. నీళ్లొచ్చినప్పటి నుంచి నాతో మాట్లాడలేదు. కేసు పెట్టినోళ్లలో వాడి సంతకమే మొదటిది.

నా ఇల్లు ముందు వాడికే రాయాలనుకొని కంబన్నతో చెప్పి పంపినా. పోయిన వారం వాడే బస్సెక్కి వచ్చినాడు. మజ్జిగ ఇస్తే తాగినాడు. నేను రాసుకున్న చిత్తుప్రతి చదివి వినిపిస్తే, నడుమన ఆపి, "ఇల్లు తీసుకున్నోడు సాక్షి సంతకం పెట్టకూడదంట, నిజమేనా?" అని అడిగినాడు. లాయరు అట్లే చెప్పినాడన్నా. "అట్లయితే ఇల్లూ నాకొద్దు, అంగడి దుడ్లల్లో పాలూ వద్దు. ఇల్లు శివలీలకు ఇయ్యి. నాకు సాక్షి సంతకం కావాల" అన్నాడు. ఇల్లు లేనోడివి, ఈ వయసులో సంతకంతో ఏం చేసుకుంటావని కోప్పడినా. వాడు చిత్తుప్రతి మీద వేలు పెట్టి, "కేసులో నీ పేరు అజయ్ పేరు కింద ఉండాది. ఈ కాగితంలోనన్నా నా పేరు పక్కన ఉండనీ" అన్నాడు.

కాబట్టి రెండో అంశాన్ని అట్ల తిరగరాసినా; మూడో అంశంలో మద్దయ్యకు పాలు లేదు. ఇందులోని ప్రతి మాటా చదువుకొని, నా ఇష్టప్రకారమే ఉన్నదని నిర్ధారించుకొని, కింద పేర్కొన్న సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నా.

ఆత్మకూరు, 2025 నవంబరు 19, బుధవారం.

(సంతకం) కొత్తమాసు నాగసుబ్బయ్య

సాక్షులు:
1. మద్దయ్య, చేనేత కార్మికుడు, ప్రొద్దుటూరు
2. గాబ్రియేలు, రిటైర్డు కాంపౌండరు, ఆత్మకూరు